దగ్గుకు పేరు పెట్టించండి

ప్రశ్న: నమస్తే డాక్టరమ్మా. మాది చంద్రపూర్ జిల్లా ఘుగ్గుస్. మా మామ తండ్రి కాలంల జగిత్యాల దిక్కు నుంచి బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడనే పాతుకపోయిన్రు. మామ ముప్ఫై ఏండ్లు బాయిల చేసిండు, ఆఖరికి దగ్గుతోనే పోయిండు. టీబీ అని మూడుసార్లు మందులు వాడిచ్చిన్రు. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిల ఠేకేదారు (కాంట్రాక్టరు) కింద టిప్పర్ నడుపుతడు. అత్తకు పొద్దుందాక దగ్గే. సిలిండర్ ఉంది గని, నీళ్లు కాగవెట్టుడు, అన్నం వండుడు ఇంకా షేగడీ (బొగ్గు పొయ్యి) మీదనే. బొగ్గు ఊరికెనే దొరుకుతది గదా. మా బాబుకు ఏడేండ్లు. చలికాలం వస్తే రాత్రంత పిల్లికూతలు. ఎక్కడ చూపెట్టినా డస్ట్ అలర్జీ అంటరు, సిరప్పు రాస్తరు. మొన్న ఒక డాక్టర్ పీల్చే పంపు (ఇన్‌హేలర్) రాసిండు. అది అలవాటైతదని వాడకట్టుల అందరు అంటే దాచిపెట్టిన. బాబును మంచిర్యాలల మా అమ్మ దగ్గరికి పంపియ్యాల్నా? గాలి శుభ్రం చేసే మిషను కొనాల్నా? బెల్లం తింటే లోపలి దుమ్ము పోతదంటరు, నిజమేనా? మా బిడ్డ పండ్ల మీద తెల్ల మచ్చలున్నయి, అది కూడా ఈ గాలికేనా?
— ఒక కోడలు, ఘుగ్గుస్

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఆ దాచిపెట్టిన పంపు బయటికి తియ్యండి. మిగతావన్నీ తరవాత మాట్లాడుకుందాం.

పంపు అలవాటవుతుందన్న భయం మీ వాడకట్టు ఒక్కదానిదే కాదు. ప్రాణహితకు ఇవతల మా దిక్కున కూడా ఇదే మాట. ఒక చిన్న లెక్క చెబుతాను. సాల్బుటమాల్ సిరప్పు ఒక చెంచాలో, అంటే 5 మిల్లీలీటర్లలో, 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే మందు పంపులో ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములు, అంటే చెంచాడు సిరప్పులో ఇరవయ్యో వంతు. సిరప్పు పొట్టలోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, పిల్లవాడి చేతులు వణికించి, గుండె దడ పుట్టించి, అప్పుడు ఊపిరితిత్తికి చేరుతుంది. పంపు మందు పోవలసిన చోటికే పోతుంది. ఇన్నాళ్లూ ఎక్కువ మందు తాగించి, తక్కువ మందుకు భయపడుతున్నాం మనం.

పంపుల్లో రెండు రకాలున్నాయి. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే దారి తెరిచేది ఒకటి. అసలు ఆయాసం రాకుండా, శ్వాసనాళాల లోపలి వాపును రోజూ కొంచెం కొంచెంగా తగ్గించేది ఇంకొకటి. ఈ రెండోదాన్నే జనం మధ్యలో ఆపేస్తారు, 'బాబుకు బాగానే ఉంది కదా' అని. బాగుండడానికి కారణం అదే. మీకు రాసింది ఏ రకమో డాక్టర్‌ను అడిగి, డబ్బా మీద మీరే తెలుగులో రాసుకోండి: 'రోజూ', లేదా 'ఆయాసం వస్తేనే'. రోజూ వాడేది పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూత వస్తుంది.

ఏడేళ్ల పిల్లవాడు పంపును నేరుగా నోట్లో పెట్టుకుని పీల్చలేడు, సగం మందు నాలుకకే అంటుకుంటుంది. స్పేసర్ అనే గొట్టం కావాలి. దొరక్కపోతే అర లీటరు నీళ్ల సీసాతో పని జరుగుతుంది. నవ్వకండి, దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి చూశారు, కొన్న స్పేసర్‌కు తీసిపోలేదు. సీసాను కడిగి ఆరబెట్టండి. పంపు మూతి ఆకారంలో ఒక తీగను వంచి, కాల్చి, సీసా అడుగున ఒత్తితే సరిగ్గా ఆ కొలతకే కన్నం పడుతుంది. కొద్దిగా వదులైతే చుట్టూ టేపు వేయండి. కన్నంలో పంపు, సీసా మూతి బాబు నోట్లో. పెదాలు బిగించి పట్టుకోమనండి. ఒక్కసారి నొక్కండి, మెల్లగా అయిదారుసార్లు ఊపిరి తీసి వదలమనండి. రెండో నొక్కు కావాలంటే మళ్లీ మొదటి నుంచి. వరసగా రెండు నొక్కులు నొక్కేస్తే సీసా గోడలకే సగం పోతుంది.

ఒక్క హెచ్చరిక. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, వాక్యం పూర్తి చెయ్యలేక మాట మాటకూ ఆగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా సీసాతో కూచోవద్దు. పంపు నొక్కుతూనే ఆటో ఎక్కండి.

ఇక 'డస్ట్ అలర్జీ'. ఈ రెండు మాటలు నేనూ చాలా ఏళ్లు రాశాను. ఓపీలో వందమంది ఉంటే, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. బొగ్గు ఊరు నుంచి వచ్చారా, దగ్గా, అయితే డస్ట్ అలర్జీ. ఒకసారి రాజురా దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. సంచి విప్పి, ఎనిమిదేళ్ల చీటీలు బల్ల మీద పరిచింది. వాటిలో నా చేతిరాత చీటీలు నాలుగున్నాయి. నాలుగింటిలోనూ అదే మాట. ఆమెకు ఊదే పరీక్ష చేయిస్తే ఊపిరితిత్తుల శక్తి సగానికి తక్కువ. బీడీ ముట్టని మనిషి. ముప్ఫై ఏళ్లుగా బొగ్గు పొయ్యి ముందు కూచున్న మనిషి. ఆ నాలుగు చీటీల్లో ఒక్కదాని మీదైనా నేను జబ్బు పేరు రాసి ఉంటే, ఆమె ఆ పొయ్యి ముందు నుంచి కొన్నేళ్లు ముందే లేచేది.

అందుకే మీ అత్తగారిదీ, బాబుదీ ఒకే దగ్గు అనుకోవద్దు. ఇద్దరికీ స్పైరోమెట్రీ, అంటే ఆ ఊదే పరీక్ష, చేయించండి. నోటితో గొట్టంలోకి గట్టిగా, ఊపిరి అయిపోయేదాకా ఊదడమే, సూదీ లేదు, నొప్పీ లేదు. ఒకసారి ఊదించి, పంపు మందు ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. రెండోసారి బాగా పెరిగితే ఉబ్బసం వైపు, పెద్దగా పెరగకపోతే సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై, మళ్లీ పూర్తిగా తెరుచుకోని జబ్బు) వైపు చూస్తారు. ఏడేళ్ల పిల్లవాడు కొంచెం నేర్పితే చెయ్యగలడు. చంద్రపూర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖాన ఉంది, అక్కడ ఛాతీ విభాగంలో అడగండి. వచ్చిన జబ్బు పేరు చీటీ మీద పూర్తిగా రాయించుకోండి. పేరు లేని దగ్గుకు మందు కుదరదు, ఫిర్యాదు అంతకంటే కుదరదు.

మీ ఊరి గాలి సంగతి. ఒక పని చేసి చూడండి. సాయంత్రం ఒక స్టీలు పళ్లెం కడిగి, తుడిచి, పిట్టగోడ మీద బోర్లించండి. తెల్లారి వేలితో గీయండి. నల్లగా అంటితే బొగ్గు. బూడిద రంగైతే పవర్ ప్లాంటు బూడిదో సిమెంటు దుమ్మో. పిల్లల ఆటలో అయస్కాంతం ముక్క ఉంటుంది కదా, దాన్ని దగ్గర పెడితే కొన్ని రేణువులు లేచి అంటుకుంటాయి, అది ఇనుప పొడి. అంతా చూశాక ఒక మాట గుర్తుపెట్టుకోండి: పళ్లెం మీద కనబడింది అంత ప్రమాదం కాదు. అది బరువైన దుమ్ము, ముక్కులో, గొంతులో ఆగుతుంది, నల్లటి చీమిడిగా బయటికి వస్తుంది. లోపలిదాకా పోయేది 2.5 మైక్రాన్ల కంటే చిన్న రేణువు, వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు. అది పళ్లెం మీద వాలదు, గాలిలోనే తేలుతుంది, ఊపిరితిత్తి చివర ఉండే సంచుల్లో దిగుతుంది, అక్కడి నుంచి రక్తంలోకీ దాటుతుంది. గుండెపోటు, పక్షవాతం కూడా ఈ గాలి ఖాతాలోవే. జనం దీన్ని దగ్గు జబ్బు అనుకుంటారు, కార్డియాలజిస్టు దగ్గర కూచున్నప్పుడు గాలి మాట ఎవరూ ఎత్తరు.

మన బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే. చంద్రపూర్ థర్మల్ స్టేషన్ సామర్థ్యం 2,920 మెగావాట్లు, మహారాష్ట్ర ప్రభుత్వ థర్మల్ స్టేషన్లలో దాన్ని మించింది లేదు. దాని చుట్టూ గనులు, బొగ్గు కడిగే వాష్‌రీలు, సిమెంటు, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రైల్వే సైడింగులు, వీటన్నిటి మధ్యా తిరిగే టిప్పర్లు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగట్టినప్పుడు చంద్రపూర్‌కు 83.88 మార్కులు వచ్చాయి, నాలుగో స్థానం. మార్కులు ఎక్కువైన కొద్దీ గాలీ నీళ్లూ పాడైనట్టు. మన పిల్లలకు ఆ మార్కులు రాకూడని పరీక్ష అది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో కూడా ప్రమాణం అందుకోని నగరాల జాబితాలో చంద్రపూర్ ఉంది.

ప్రమాణం అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. పీఎం 2.5, అంటే ఇందాక చెప్పిన ఆ సన్నని రేణువు, ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు నియమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత 5. కాబట్టి 'పరిమితిలోపే ఉంది' అని ఎవరైనా కాగితం చూపితే, ఏ పరిమితి అని అడగండి. పొగగొట్టాల నుంచి గంధకపు వాయువు తగ్గించే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులోనే నియమం వచ్చింది. గడువులు మీద గడువులు జరిగాయి. 2025 జులైలో చాలా ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చేశారు. బాగా కలుషితమైన ప్రాంతాల దగ్గరి ప్లాంట్ల సంగతి ఒక్కొక్కటిగా తేలుస్తామన్నారు. ఆ వాయువు గాలిలో కలిసి అదే సన్నని రేణువుగా మారుతుంది. ఆ మినహాయింపు నాకు నచ్చలేదు. నచ్చకపోవడం డాక్టర్‌గా నా పని కాదంటారా, అలాగే అననివ్వండి.

చలికాలం రాత్రే బాబుకు ఎందుకు ఎక్కువవుతుంది? వేసవిలో నేల కాగి, వేడిగాలి పొగను పైకి ఎత్తుకుపోతుంది. మీ ఊళ్లో మే నెలలో 46, 47 డిగ్రీలు, అది ఇంకో బాధ. చలికాలం సాయంత్రానికి నేల చల్లబడి, చల్లగాలి కింద, వెచ్చటి గాలి పైన మూతలా కూచుంటుంది. పొగ పైకి పోలేదు. అదే వేళకు వాడలో షేగడీలన్నీ వెలుగుతాయి. డిసెంబరు సాయంత్రం ఏడింటికి మీ గల్లీ చివర నిలబడి చూస్తే వీధి దీపం చుట్టూ ఆ పొగ కనబడుతుంది. ఆ వేళ బాబును బయట ఆడనివ్వకండి. ఆట మధ్యాహ్నానికి మార్చండి.

ఇప్పుడు మీకు కొంచెం కష్టం కలిగించే మాట. పవర్ ప్లాంటును మీరు ఆపలేరు, షేగడీని ఆపగలరు. మీ ఇంటి గాలిలో మీ చేతిలో ఉన్న భాగం అదొక్కటే, అది చిన్నది కూడా కాదు. ఇంట్లో బొగ్గు కాల్చిన పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఖాయంగా తేల్చిన వాటి జాబితాలో ఉంది, పొగాకు ఉన్న జాబితాయే అది. బొగ్గు ఊరికే దొరుకుతుందన్నారు. సిరప్పులకు, ఆటోలకు, నెబులైజర్‌కు పోయిన సంవత్సరం ఎంతైందో ఒకసారి కాగితం మీద వేసుకోండి. సిలిండర్‌తోనే అన్నీ కుదరవంటే, నీళ్లు కాచే పని ఒక్కటైనా ఈ నెల ఆపండి, షేగడీ ఎక్కువసేపు మండేది దానికే. అదీ కుదరని రోజు గుమ్మం బయట, గాలి పోయే వైపు పెట్టండి, రగులుకునే పొగంతా పోయేదాకా బాబునూ అత్తనూ దగ్గరికి రానివ్వకండి. చలికి నిప్పులు గదిలో పెట్టుకుని తలుపేసుకుని పడుకోవడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అత్తగారిని ఒప్పించడం మీకు కష్టమని తెలుసు. షేగడీ మీద వండిన అన్నం రుచే వేరంటారు. ఊదే పరీక్ష కాగితం వచ్చాక, ఆ మాట మీరు కాకుండా డాక్టర్‌తో చెప్పించండి. కోడలు చెబితే వినని మాట డాక్టర్ చెబితే వింటారు.

చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఆయన పని బట్టలు వాకిట్లోనే విడిచి, వేరేగా ఉతకండి. పని నుంచి రాగానే బాబు ఎగబడి నాన్న మెడకు వేలాడతాడు కదా, స్నానం అయ్యేదాకా ఆపండి. గాలి మిషను కొనకండి. తలుపులు మూసిన గదిలోనే అది పని చేస్తుంది, రేకుల ఇంట్లో, మీ వేసవిలో, తలుపు ఎవరు మూస్తారు? ఆ డబ్బు సిలిండర్లకు పెట్టండి. ముక్కుకు కట్టే దస్తీ పెద్ద దుమ్మును ఆపుతుంది, సన్నదాన్ని ఆపదు. మీ ఆయనకు ముఖానికి బిగుతుగా కూచునే ఎన్‌95 అయితే పనికొస్తుంది, గడ్డం ఉంటే అదీ సగమే. బెల్లం సంగతి: బెల్లం పొట్టకు పోతుంది, దుమ్ము ఊపిరితిత్తికి పోతుంది. ఆ రెంటి దారులూ గొంతు దగ్గరే విడిపోతాయి. తినండి, రుచికి తినండి.

మీ మామగారి సంగతి చదివి కొంచెంసేపు ఆగాను. మూడుసార్లు టీబీ మందులు. గళ్ల (కఫం) పరీక్షలో క్రిములు దొరికాయా, లేక ఎక్స్‌రేలో మచ్చలు చూసే మొదలుపెట్టారా? బాయిలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము, రాతి దుమ్ము పేరుకుంటే ఎక్స్‌రేలో వచ్చే మచ్చలు టీబీ లాగే కనబడతాయి. రాతి దుమ్ము పీల్చినవాళ్లకు నిజంగా టీబీ కూడా తొందరగా వస్తుంది, రెండూ కలిసి ఉండవచ్చు. ఆయనకు ఏది ఉందో ఇంత దూరం నుంచి నేను చెప్పలేను. పాత ఎక్స్‌రేలు ఉంటే పారేయకండి. బొగ్గు గని కార్మికుల న్యుమోకోనియాసిస్ (బొగ్గు దుమ్ముతో వచ్చేది), సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చేది) – ఇవి చట్టం కింద నోటిఫై అయిన వృత్తి జబ్బులు. అనుమానం వచ్చిన డాక్టర్ గనుల తనిఖీ ప్రధాన అధికారికి రాతపూర్వకంగా తెలపాలని చట్టం చెబుతుంది. టీబీ అని రాస్తే ఆ కాగితం పుట్టదు. మీ భయం ఒకటి తీర్చేస్తాను: దుమ్ము జబ్బు అంటుకోదు, వంశంలో దిగదు. టీబీ అంటుకుంటుంది. కాబట్టి ఆయనతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లంతా, ముఖ్యంగా అత్త, గళ్ల పరీక్ష ఒకసారి చేయించుకోండి.

మీ ఆయన ఠేకేదారు కింద పనిచేసినా గనిలో పనిచేసే మనిషే. పనిలో చేరేముందు ఒకసారి, ఆ తరవాత కనీసం అయిదేళ్లకోసారి వైద్య పరీక్ష జరగాలి, ఫలితం ఫారం ఓ మీద రావాలి. ఆయన ఫారం ఓ ఎక్కడుందో ఈ రాత్రి అడగండి. 'అదేంది?' అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే. యూనియన్ మనిషితో కలిసి అడిగించండి, ఒంటరిగా అడిగితే రేపు పనికి రావద్దంటారేమో.

బిడ్డ పళ్ల మీద మచ్చలు గాలివల్ల కాదు, బోరు నీళ్ల వల్ల కావచ్చు. చంద్రపూర్ జిల్లాలో కొన్ని ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. నల్గొండ సంగతి విన్నారు కదా, అదే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లే దిక్కులేకపోతే 1.5 దాకా. కాచితే పోదు, ఇంకా చిక్కబడుతుంది. తాలూకా నీటి పరీక్షశాలలో పరీక్ష చేయించి, అప్పటిదాకా తాగడానికి, వంటకు నల్లా నీళ్లే వాడండి.

బాబును మంచిర్యాలకు పంపాలా అన్నారు. మీ అమ్మగారి ఇల్లు ఎటు దిక్కున ఉందో రాయలేదు. శ్రీరాంపూర్, నస్పూర్ దిక్కున అయితే అవీ బొగ్గుబాయిలే, జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కూడా ఉంది. బొగ్గు నుంచి బొగ్గులోకి పంపి, తల్లినీ బడినీ తీసేసినట్టవుతుంది. ముందు మూడు నెలలు పంపు క్రమంగా వాడండి, షేగడీ ఆపండి. క్యాలెండర్ మీద రాత్రి లేచిన రోజుకు ఒక గీత పెట్టండి. నెలకు ఎన్ని గీతలు తగ్గాయో చూసి అప్పుడు మాట్లాడుకుందాం. తగ్గకపోతే అప్పుడు ఊరు మార్చడం గురించి నేనే చెబుతాను.

ఆ క్యాలెండర్ ఇంకో పనికి కూడా వస్తుంది. గీత పెట్టిన రోజే పక్కన రాయండి: ఏ రోడ్డులో టిప్పర్లు పరదా లేకుండా పోయాయి, నీళ్ల ట్యాంకర్ తడపడానికి వచ్చిందా, ఎన్ని గంటలకు పొగ దిగింది. ఫోన్‌తో ఫొటో తియ్యండి, టైం అందులోనే పడుతుంది. మీ గల్లీలో ఇలాంటి పిల్లలున్న తల్లులు నలుగురైనా ఉంటారు, వాళ్లనూ రాయమనండి. నాలుగు క్యాలెండర్లు, వాటితోపాటు జబ్బు పేరు రాసిన చీటీల నకళ్లు పెట్టి, మహారాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చంద్రపూర్ ఆఫీసులోనూ, మీ నగర్ పరిషత్‌లోనూ మరాఠీలో అర్జీ ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకోకుండా కదలకండి. గనుల జిల్లాలకు 2015 నుంచి జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి ఉంది, తాగునీరు, ఆరోగ్యం, కాలుష్య నియంత్రణ అందులో ముందు వరస ఖర్చులు. మీ వార్డు కౌన్సిలర్‌ను అడగవలసింది రోడ్డు తడిపే ట్యాంకర్, బడిలో ఊదే పరీక్షల క్యాంపు. ఒకేసారి పది అడిగితే ఒక్కటీ రాదు, ఈ రెండే అడగండి.

స్పేసర్ సీసా వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీయండి, గుడ్డతో లోపల తుడవకండి, దానంతటదే ఆరనివ్వండి. మూడు నెలల తరవాత గీతల లెక్క నాకు రాయండి.